పిల్లల ఫుట్‌బాల్ లీగులో కప్పు ఎవరికి?



ఈ రోజు పిల్లల ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఒకే ఒక్క విషయం. లీగు ఆడించినప్పుడు కప్పు ఎవరికి ఇవ్వాలి? ఛాంపియన్ ఎవరో ఎట్లా తేల్చాలి?

ఇందులో మాట్లాడుకోవడానికి ఏముంది, ఎక్కువ గోల్స్ కొట్టినోళ్లే గెలిచినట్టు కదా అని మీకు అనిపించవచ్చు. ఒక్క మ్యాచు వరకు అది నిజమే. కానీ ఆరేడు ఊళ్లు, రెండు నెలల ఆట అయినప్పుడు లెక్క అంత సులువుగా తేలదు.

ఒక్కసారి ఊహించుకోండి. మన కర్నూలు జిల్లా దేవనకొండలో బడి గ్రౌండు. సున్నంతో గీసిన గీతలు సగం చెరిగిపోయాయి. వేపచెట్టు కింద బల్ల, బల్ల మీద నోటు పుస్తకం. పీఈటీ సారు కూడికలు వేస్తున్నారు. చుట్టూ రెండు ఊళ్ల పిల్లలు మూగి ఉన్నారు. రెండు జట్లకూ పాయింట్లు సమానం. "మేం వాళ్లను ఓడించినాం సార్" అంటాడు ఒకడు. "మేం అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినాం సార్" అంటాడు ఇంకొకడు. ఇద్దరి మాటా నిజమే. మరి కప్పు ఎవరిది?

ఆ జవాబును ఆ పూట వెతుక్కుంటే తగాదా అవుతుంది. మొదటి విజిల్ ఊదకముందే రాసిపెట్టుకుంటే ఆటలో భాగమవుతుంది. ఊరికీ ఊరికీ పంతాలు పట్టింపులు ఉన్న మన ప్రాంతంలో ఈ మాట మరీ ముఖ్యం.

అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఈ ప్రసంగం పొడుగునా ఆ మాటే మళ్లీ మళ్లీ చెబుతాను. విజేతను ఎట్లా తేలుస్తామో, పిల్లలు అట్లే తయారవుతారు. ఎందుకో చూద్దాం.

విజేతను తేల్చడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి నాకౌట్. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు ముందుకు. రెండోది లీగు. ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఆడుతుంది. గెలిస్తే మూడు పాయింట్లు, సమానంగా నిలిస్తే ఒకటి, ఓడితే సున్న. చివర్లో ఎక్కువ పాయింట్లు ఎవరికుంటే వాళ్లదే కప్పు.

మన బడుల్లో ఎక్కువగా జరిగేది నాకౌటే. మండల స్థాయి పోటీలంటే ఒక్క పూటలో, మహా అయితే రెండు రోజుల్లో ముగిసిపోతాయి. ఖర్చు తక్కువ, ఏర్పాట్లు తేలిక. పీఈటీ సార్లను తప్పు పట్టలేం. వాళ్లకున్న రోజులు అన్నే, వాళ్లకున్న బంతులు అన్నే.

కానీ పిల్లవాడి వైపు నుంచి చూడండి. ఎనిమిది జట్లు వచ్చాయనుకుందాం. నాకౌట్ పెడితే మొదటి రౌండులోనే నాలుగు జట్లు వెనక్కి వెళ్లిపోతాయి. పొద్దున్నే లేచి, ఆటో కట్టించుకుని, పది ఇరవై కిలోమీటర్లు వచ్చిన పిల్లలు ఒక్క మ్యాచు ఆడి తిరుగుముఖం పడతారు. మళ్లీ ఆట ఎప్పుడు? వచ్చే ఏడాది. అదే ఎనిమిది జట్లతో లీగు పెడితే ప్రతి జట్టూ ఏడు మ్యాచులు ఆడుతుంది. ఓడిన జట్టుకూ ఏడే, గెలిచిన జట్టుకూ ఏడే.

ఒక్క మ్యాచా, ఏడు మ్యాచులా? ఆట నేర్చుకునే వయసులో తేడా అంతా ఇక్కడే ఉంది. ఒక్క వానకు వేరుశనగ పండదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆట కూడా అంతే.

ఇప్పుడు మన దేశంలో జరిగిన ఒక లీగు సంగతి చెబుతాను. 2022లో గోవాలో రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగు మొదలైంది. పేరులోనే ఉంది, ఆటగాళ్లను తయారుచేసే లీగు అని. దేశంలోని పెద్ద లీగు ఐఎస్ఎల్‌లో ఆడే క్లబ్బుల కుర్ర జట్లే ఇందులో ఎక్కువ. ఎక్కువమంది ఇరవై ఒక్క ఏళ్ల లోపువాళ్లే. అప్పటి మన హైదరాబాద్ ఎఫ్‌సీ కుర్రాళ్లు కూడా అందులో ఉన్నారు. మొత్తం ఎనిమిది జట్లు. సరిగ్గా నేను ఇందాక చెప్పిన లెక్కే. ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితో ఆడింది. సెమీఫైనల్ లేదు, ఫైనల్ లేదు. పట్టికలో పైన నిలిచినవాళ్లే ఛాంపియన్లు. ఆ మొదటి ఏడాది కప్పు బెంగళూరు ఎఫ్‌సీది. కేరళ బ్లాస్టర్స్ రెండో స్థానంలో నిలిచింది. ఈ రెండు జట్లకూ కప్పును మించిన బహుమానం ఒకటి దక్కింది. ఇంగ్లండు వెళ్లి అక్కడి పెద్ద క్లబ్బుల కుర్ర జట్లతో ఆడే అవకాశం. అంటే బాగా ఆడినవాళ్లకు ఇచ్చిన బహుమతి మరిన్ని మంచి మ్యాచులు. పిల్లల లీగుకు ఇంతకంటే తగిన బహుమతి ఇంకేముంటుంది?

ఆ లీగులో బెంగళూరు తరఫున ఆడిన ఒక కుర్రాడి పేరు చెబుతాను. శివశక్తి నారాయణన్. పక్కనున్న తమిళనాడు పిల్లవాడు. ఎండాకాలంలో ఈ కుర్ర లీగు ఆడాడు. అదే ఏడాది సెప్టెంబరులో పెద్దల జట్టుతో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో దిగాడు. ముంబై సిటీ మీద ఆ ఫైనల్‌లో మొదటి గోల్ కొట్టింది ఇతనే. బెంగళూరు కప్పు గెలిచింది. ఆ ఐఎస్ఎల్ సీజను ముగిసేసరికి, ఎదుగుతున్న ఆటగాడికి ఇచ్చే అవార్డూ అతనికే వచ్చింది.

శ్రోతలారా, కుర్ర లీగు కప్పు ఆ ఏడాది ఎవరు గెలిచారన్నది కొన్నాళ్లకు చాలామందికి గుర్తుండదు. ఆ లీగులోంచి పైకి వచ్చిన ఆటగాడు మాత్రం కళ్ల ముందే ఉంటాడు. కుర్ర లీగు అసలు ఫలితం అదే.

తరువాతి ఏళ్లలో ఆ లీగు పెద్దదైంది. జట్లు పెరిగాయి. అన్నీ అన్నిటితో ఆడటం కుదరదు కదా. అందుకే ప్రాంతాలవారీగా లీగు ఆడించి, పైకి వచ్చినవాళ్లకు దేశస్థాయిలో పోటీ పెట్టి, చివరకు సెమీఫైనల్, ఫైనల్ పెట్టారు. 2023లో మళ్లీ బెంగళూరే గెలిచింది. 2024లో పంజాబ్ ఎఫ్‌సీ గెలిచింది. ఇంగ్లండులో కూడా ఇట్లాంటి పద్ధతే వచ్చింది. అక్కడి క్లబ్బుల కుర్ర జట్ల లీగులో 2023-24 నుంచి ముందు ప్రతి జట్టూ ఇరవై మ్యాచులు ఆడుతుంది, ఆ తరువాతే పై జట్లకు నాకౌట్. గమనించండి. ముందు అందరికీ కడుపునిండా ఆట, ఆ తరువాతే నాకౌట్. ఈ వరస మనం పట్టుకోవాలి. ఫైనల్ వద్దని నేను అనడం లేదు. ఫైనల్ ఉంటే ఊరంతా వస్తుంది, ఆ సందడి పిల్లలకు కావాలి. కానీ ఫైనల్ దాకా వెళ్లని పిల్లలకు కూడా ఆట మిగలాలి.

ఇక సమాన పాయింట్ల దగ్గరికి వద్దాం. వేపచెట్టు కింద ఆగిన లెక్క అది.

పెద్దల ఫుట్‌బాల్‌లో ఎక్కువగా చూసేది గోల్స్ తేడా. కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేస్తే వచ్చే లెక్క. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పిల్లల దగ్గరకొచ్చేసరికి ఇది చెరుపు చేస్తుంది. ఎట్లాగంటే, గోల్స్ తేడాతో కప్పు వస్తుందని తెలిస్తే బలమైన జట్టు ఏం చేస్తుంది? బలహీనమైన జట్టు దొరికినప్పుడు పది గోల్స్, పదిహేను గోల్స్ కొడుతుంది. కోచ్ తన మంచి ఆటగాళ్లను చివరి నిమిషం దాకా బయటికి తీయడు. బెంచీ మీద కూర్చున్న పిల్లలు కూర్చున్నట్టే ఉంటారు. అవతలి గోల్‌కీపర్ పిల్లవాడు ఏడుస్తూ ఇంటికి పోతాడు. మళ్లీ గ్రౌండుకు రాడు. అందుకే అమెరికాలో చాలా పిల్లల టోర్నమెంట్లలో గోల్స్ తేడాకు హద్దు పెడతారు. ఒక మ్యాచులో ఇన్ని గోల్స్ తేడా వరకే లెక్క, ఆపైన ఎన్ని కొట్టినా లెక్కలోకి రావు. ఆ హద్దు దాటగానే కోచ్ బెంచీ మీదున్న పిల్లలను దించుతాడు. చూశారా? ఒక్క నియమం మారితే నలుగురు పిల్లలకు ఆట దొరికింది. అందుకే అంటున్నాను, విజేతను ఎట్లా తేలుస్తామో, పిల్లలు అట్లే తయారవుతారు.

ఇంకో పద్ధతి, సమానంగా ఉన్న ఆ రెండు జట్లూ తమలో తాము ఆడినప్పుడు ఎవరు గెలిచారో చూడటం. ఇది పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. మరో పద్ధతి, ఎల్లో కార్డులు, రెడ్ కార్డులు లెక్కపెట్టడం. 2018 ప్రపంచకప్‌లో జపాన్, సెనెగల్ జట్లు అన్ని లెక్కల్లోనూ సమానంగా నిలిచాయి. జపాన్‌కు ఎల్లో కార్డులు తక్కువ. అంతే, జపాన్ ముందుకు వెళ్లింది, సెనెగల్ ఇంటికి వెళ్లింది. బుద్ధిగా ఆడినందుకు దక్కిన ఫలం అది.

ఒకప్పుడు బొమ్మా బొరుసూ కూడా వేశారు. 1968 యూరప్ కప్ సెమీఫైనల్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ గోల్ లేకుండా సమానంగా నిలిస్తే నాణెం ఎగరేశారు. ఇటలీ ఫైనల్‌కు పోయింది, కప్పూ గెలిచింది. ఆ తరువాత 1970లో పెనాల్టీ షూటౌట్ నియమాల్లోకి వచ్చింది. షూటౌట్ పెద్దలకు సరే. పన్నెండేళ్ల పిల్లవాడు ఒక్క తన్ను తప్పితే ఊరంతా వాడి పేరే చెప్పుకోవడం మంచిది కాదు.

అన్నీ సమానమైతే ఇద్దరికీ ఇచ్చేస్తే పోలా? మన దేశంలోనే జరిగింది. 1978లో కోయంబత్తూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ సమానంగా నిలిచాయి. ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. దేశంలో ఆ రెండు క్లబ్బుల మధ్య ఉన్నంత పోటీ మరి దేనికీ ఉండదు. వాళ్లే కప్పు పంచుకోగా లేనిది, మన రెండు ఊళ్ల పిల్లలు పంచుకోలేరా? ఆరు నెలలు ఈ బడిలో, ఆరు నెలలు ఆ బడిలో కప్పు ఉంటే ఎవరి పరువూ పోదు.

ఇంకా చిన్న పిల్లల మాట చూద్దాం. నార్వే దేశంలో పిల్లల క్రీడలకు ఒక నియమం ఉంది. పదకొండో ఏడు వచ్చేదాకా పట్టికలు, ర్యాంకులు పెట్టకూడదు. పిల్లలు ఆడతారు, గెలుస్తారు, ఓడతారు. కానీ ఎవరు మొదటి స్థానం, ఎవరు చివరి స్థానం అని గోడమీద అంటించరు. ఇంగ్లండులో కూడా అండర్-11 వరకు పిల్లల లీగు పట్టికలు ప్రచురించరు. పట్టిక లేకపోతే పిల్లలకు పోటీ తత్వం ఎట్లా వస్తుందని మీరు అడగవచ్చు. ఇప్పుడు ప్రపంచంలో పేరుమోసిన గోల్ వీరుల్లో ఒకడైన ఎర్లింగ్ హాలండ్ ఆ నార్వేలోనే, బ్రూనే అనే చిన్న పట్టణంలో పెరిగినవాడు. 1998 తరువాత మళ్లీ 2026 ప్రపంచకప్‌కు నార్వే అర్హత సాధించింది. పట్టిక లేకుండా పెరిగిన పిల్లలు గెలవడం మరిచిపోలేదు.

ఇదంతా పరదేశాల ముచ్చట అనుకోకండి. మన తెలుగు నేల మీదే ఈ ఆలోచన ఎన్నడో ఉంది. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మీరు విని ఉంటారు. అందరూ రహీం సాబ్ అనేవారు. స్వతహాగా బడి పంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ఆ రహీం సాబ్ హైదరాబాదు కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి రాగానే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమ వాటం ఉన్నవాడు కుడికాలితో. అంటే గెలవాలంటే నేర్చుకోక తప్పదు. పోటీ నియమాన్నే పాఠంగా మార్చిన ఉపాధ్యాయుడు ఆయన. విజేతను ఎట్లా తేలుస్తామో, పిల్లలు అట్లే తయారవుతారన్న మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఇంకా దగ్గరికి వద్దాం. మన పక్క జిల్లా అనంతపురం. అక్కడ ఆర్డీటీ సంస్థ ఎన్నో ఏళ్లుగా పల్లె పిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తోంది. ఊరి జట్లు, లీగు మ్యాచులు, ఆడపిల్లల జట్లు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆటల ద్వారా అభివృద్ధి అనే విభాగంలో ఇచ్చిన రాష్ట్రీయ ఖేల్ ప్రోత్సాహన్ పురస్కారం అక్కడికే వచ్చింది. మన లాంటి ఎండలే, మన లాంటి నేలే, మన లాంటి కూలీ బతుకులే అక్కడా ఉన్నాయి. అక్కడ అయ్యింది ఇక్కడా అవుతుంది.

మరి మన దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పిల్లల లీగు పెడితే ఎట్లా ఉండాలి?

మొట్టమొదట చూడవలసింది సుగ్గి, అంటే పనుల కోసం వలస. పంట చేతికి రాక, ఊళ్లో పని లేక, మన కుటుంబాలు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు, పత్తి పనులకు తెలంగాణ వైపు మూటాముల్లె కట్టుకుని పోతాయి. పిల్లలు కూడా వెంట పోతారు. కొందరు సీజనల్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. డిసెంబరులో, జనవరిలో లీగు పెట్టి, పిల్లలు రాలేదు కాబట్టి ఆ జట్టు ఓడినట్టే అని రాస్తే, అది ఆటలో ఓటమి కాదు. పేదరికానికి వేసిన శిక్ష. అందుకే మన లీగు బడులు తెరిచాక మొదలై దసరా లోపల ముగియాలి. జులై, ఆగస్టు, సెప్టెంబరు. శనివారం సాయంత్రాలు, ఆదివారం పొద్దున్నలు. సుగ్గికి పోయే లోపల ప్రతి పిల్లవాడూ తన మ్యాచులన్నీ ఆడేయాలి.

రెండోది, దూరం. కప్పట్రాళ్ల పిల్లలు ఆదోనికి, ఆదోని పిల్లలు పత్తికొండకు తిరగాలంటే చార్జీలు ఎవరిస్తారు? దగ్గర దగ్గర ఊళ్లు నాలుగైదు కలిపి ఒక గుంపు. ఆ గుంపులో అందరూ అందరితో ఆడాలి. గుంపుల్లో గెలిచినవాళ్లకు మాత్రం చివర్లో ఒక రోజు ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఫైనల్స్.

మూడోది, అందరికీ ఆట. జట్టులో పేరు రాసుకున్న ప్రతి పిల్లవాడూ కనీసం సగం మ్యాచు ఆడాలి. అట్లా అందరినీ ఆడించిన జట్టుకు ఆ మ్యాచుకు ఒక పాయింటు అదనంగా ఇద్దాం. అప్పుడు కోచ్ బెంచీ వైపు చూస్తాడు. చూడక తప్పదు.

నాలుగోది, వయసు. ఇక్కడ నిక్కచ్చిగా మాట్లాడాలి. పద్నాలుగేళ్ల పోటీలో పదిహేడేళ్లవాడిని దించి కప్పు తెచ్చుకోవడం దొంగతనం. అది అవతలి పిల్లల నుంచి దొంగిలించడమే. జాతీయ కుర్ర లీగుల్లో ఇప్పుడు మణికట్టు ఎముకల ఎక్స్‌రే తీసి వయసు చూస్తున్నారు. మనకు అంత అక్కర్లేదు. మన ఊళ్లలో ఏ పిల్లవాడు ఎప్పుడు పుట్టాడో బడి రిజిస్టరుకు తెలుసు, ఊరికీ తెలుసు. తెలిసి కళ్లు మూసుకోకుంటే చాలు.

ఐదోది, ఆడపిల్లలు. వాళ్లకు లీగు వేరుగా ఉండాలి, లేదా చిన్న వయసులో మగపిల్లలతో కలిసి ఆడాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగుల్లో చిన్న పిల్లలు ఆడ, మగ తేడా లేకుండా కలిసే ఆడారు. మన దగ్గర ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్ల గ్రౌండు అంచున నిలబడి చూసేదిగా మిగిలిపోతోంది. ఆమెకు బంతి ఇవ్వని లీగుకు ఛాంపియన్ ఉన్నా, అది సగం ఊరికే ఛాంపియన్.

మరి పాయింట్లు సమానమైతే? ముందు ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచు చూడాలి. అప్పటికీ తేలకపోతే కార్డులు ఎవరికి తక్కువో చూడాలి. అప్పటికీ తేలకపోతే ఇద్దరూ విజేతలే. ఈ మూడు ముక్కలూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, మొదటి రోజే గ్రౌండులో చదివి వినిపించి, బడి గోడకు అంటించాలి. చదువు రాని తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేటట్టు నోటితో చెప్పాలి.

శ్రోతలారా, ఇంతసేపూ చెప్పినదాన్ని మరొక్కసారి గుర్తుచేస్తాను. ముందు అందరికీ ఆట, తరువాతే ఫైనల్. గోల్స్ వరద పారించినవాళ్లకంటే అందరినీ ఆడించినవాళ్లకు విలువ. సుగ్గికి పోయే పిల్లవాడికి కూడా న్యాయం. నియమాలు ముందే చెప్పడం. ఇవే ముఖ్యమైనవి.

ఇప్పుడు మీకు ఒక విన్నపం. పీఈటీ సార్లకు, హెడ్మాస్టర్లకు, ఊరి పెద్దలకు, యువజన సంఘాల తమ్ముళ్లకు. ఈసారి మీ ఊళ్లో పిల్లల పోటీ పెట్టేటప్పుడు, షీల్డు ఎంత పెద్దది కొందామా అని ఆలోచించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఓడిన జట్టుకు ఎన్ని మ్యాచులు దొరుకుతాయి? బెంచీ మీద ఎంతమంది పిల్లలు మిగిలిపోతారు? ఆడపిల్లలు ఎక్కడున్నారు? ఈ మూడింటికీ మంచి జవాబు దొరికితే, కప్పు ఏ ఊరికి పోయినా మీ లీగు గెలిచినట్టే. పెద్ద షీల్డు కొనే డబ్బులతో నాలుగు బంతులు కొనండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లవాడు ఇంటికి రాగానే గెలిచినారా ఓడినారా అని తరువాత అడగండి. ఎంతసేపు ఆడినావని ముందు అడగండి.